స్మోక్‌లెస్ మజిల్‌లోడర్‌తో జింకల వేట: కస్టమ్ రైఫిల్ కట్టించుకునే ముందు

మీరడిగినవి మూడు. మామూలు .50 క్యాలిబర్ ఇన్‌లైన్ మజిల్‌లోడర్‌తో, అంటే మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకీతో, ఒహాయోలో రెండేళ్లుగా వేటకి వెళ్తున్నారు, స్మోక్‌లెస్ అనే, పొగ దాదాపు రాని మందుతో కాల్చే కస్టమ్ రైఫిల్ కట్టించుకోవాలని ఉంది, అంత డబ్బు పెట్టడం సబబేనా అన్నది మొదటిది. అది చేతికొచ్చే లోపు ఉన్న తుపాకీలోనే సగం కొలత స్మోక్‌లెస్ పోసి చూడొచ్చా అన్నది రెండోది. హెచ్‌1బీ మీద ఉన్నవాణ్ణి, నాకు అమ్ముతారా అన్నది మూడోది.

రెండోదానికి ముందు జవాబు చెబుతాను, అది ప్రాణాల మీదికొచ్చే విషయం కాబట్టి. పోయకండి. సగం కాదు, చిటికెడు కూడా వద్దు.

మీ తుపాకీ బ్లాక్‌పౌడర్, అంటే పాతకాలపు నల్లమందు కోసం కట్టింది. అందులో 75 పాళ్లు పొటాషియం నైట్రేట్, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. అది కాలినప్పుడు సగానికి పైగా మసిగా, పొగలో కలిసిన ఘనపదార్థంగా మిగిలిపోతుంది. గుండుని తోసే వాయువు తక్కువే పుడుతుంది. స్మోక్‌లెస్ మందు నైట్రోసెల్యులోజ్. 1884లో పాల్ వియేల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని తుపాకీకి పనికొచ్చేలా చేసినప్పటి నుంచి దాని గొప్పా ప్రమాదమూ ఒకటే: దాదాపు మొత్తం వాయువుగా మారిపోతుంది. మీ చేతిలో ఉన్న ఇన్‌లైన్ గొట్టం 25,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అటూ ఇటూ పీడనాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టింది. స్మోక్‌లెస్ కోసం కట్టిన రైఫిళ్లలో 40,000 దాటే లోడ్లు, అంటే మందు-గుండు కొలతలు, మామూలు. పైగా మీరు ఇప్పుడు మందుని కొలగొట్టంతో, అంటే పరిమాణం చూసి పోస్తున్నారు. స్మోక్‌లెస్‌ని తూకం వేసి మాత్రమే పోయాలి. ఒక్కో రకం మందు మండే వేగం ఒక్కోలా ఉంటుంది. కొలగొట్టంలో సగం అనేది ఒక మందుకి ఉత్తి తుస్సు, ఇంకో మందుకి బాంబు. గొట్టం చీలేది మీ ఎడమ చెయ్యి పట్టుకునే చోట, కంటికి జానెడు దూరంలో.

చాలామందిని తప్పుదారి పట్టించేది బ్లాక్‌హార్న్ 209 అనే మందు. అది కూడా నైట్రోసెల్యులోజ్‌తో చేసిందే కదా, నా తుపాకీలో బాగానే కాలుతోంది కదా, మరి మిగతావి ఎందుకు కాలవు అంటారు. దాన్ని బ్లాక్‌పౌడర్ తుపాకీల పీడనానికి సరిపోయేలా ప్రత్యేకంగా తయారు చేశారు. మిగతావాటిని అలా చేయలేదు. అంతే తేడా, కానీ ఆ తేడా మీద మీ చెయ్యి ఆధారపడి ఉంది. గొట్టం మీద తయారీదారు స్మోక్‌లెస్ వాడొచ్చని రాసి ఉంటే తప్ప, అందులో స్మోక్‌లెస్ పోయకూడదు. సీవీఏ పారామౌంట్ లాంటి బలమైన తుపాకీలకి కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఇక మొదటి ప్రశ్న.

ఈ తుపాకీలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మీకు అవసరమో కాదో మీరే తేల్చుకోగలరు. నార్త్ కరోలైనాకి చెందిన హెన్రీ బాల్ అనే గన్‌స్మిత్, మూతి నుంచి మందు పోసి స్మోక్‌లెస్‌తో కాల్చగలిగే పద్ధతి తయారుచేశాడు. దాని ఆధారంగా సావేజ్ కంపెనీ 2000 ప్రాంతంలో 10ఎంఎల్, ఆ తర్వాత 10ఎంఎల్-2 రైఫిళ్లు తెచ్చింది. పది పన్నెండేళ్లలోపే ఆపేసింది. కానీ వాటి రుచి మరిగినవాళ్లు ఆగలేదు. మా ఒహాయో సంగతి మీకు తెలిసిందే: చదును నేల, మధ్య మధ్యలో ఇళ్లు. అందుకే సీసాలా మెడ ఉన్న తూటాలు కాల్చే సెంటర్‌ఫైర్ రైఫిళ్లని జింకల మీద వాడనివ్వరు. చాలాకాలం షాట్‌గన్, మజిల్‌లోడర్, పిస్తోలు మాత్రమే దిక్కు. 2014 నుంచి నిలువు గోడల తూటాల రైఫిళ్లని అనుమతించారు. మజిల్‌లోడర్‌కి మాత్రం .38 క్యాలిబర్, ఆపైన ఉంటే చాలు, మందు ఏ రకమన్న పట్టింపు లేదు. దాంతో మంచి గన్‌స్మిత్‌లు రెమింగ్టన్ 700 లాంటి బోల్ట్ యాక్షన్ (గొట్టం వెనక ఉండే, తుపాకీని పేల్చే యంత్రభాగం) తీసుకుని, దానికి .45 క్యాలిబర్ మందపాటి గొట్టం బిగించి, ఈ రైఫిళ్లు కట్టివ్వడం మొదలుపెట్టారు.

అంకెల్లో చెబితే, మీ ఇన్‌లైన్‌లో 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే మందునీ గుండునీ కొలిచే చిన్న తూకం) కొలతతో 250 గ్రెయిన్ల గుండు సెకనుకి 1,850 అడుగుల చుట్టుపక్కల వెళ్తుంది. కస్టమ్ .45లో 275 గ్రెయిన్ల గుండు 2,700 అడుగుల దగ్గర వెళ్తుంది. 100 గజాలకి సైటు సరిచేస్తే 200 గజాల దగ్గర మీ గుండు దాదాపు అడుగు కిందికి దిగుతుంది, ఇది నాలుగైదు అంగుళాలు దిగుతుంది. శక్తి రెట్టింపు కంటే ఎక్కువ. దానికి తగ్గట్టే భుజం మీద దెబ్బా ఎక్కువే.

కానీ నేను ఈ తుపాకీని ఇన్నేళ్లుగా వదలకపోవడానికి వేగం కారణం కాదు. పొగ కారణం. జనవరి సాయంత్రం, గాలి కదలని చలిలో మీ ఇన్‌లైన్ కాల్చినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. తెల్లటి తెర ఒకటి మంచె ముందు అలాగే వేలాడుతుంది. అది చెదిరేలోపు జింక పోయింది. తగిలిందా, వంగిందా, తోక దించిందా, ఏ వైపు పరిగెత్తింది, ఏదీ తెలియదు. నేను మొదటి మూడు సీజన్లలో కాల్చిన ఒక ఆడజింక ఇప్పటికీ నాకు గుర్తుంది. పొగ పోయేసరికి పొలం ఖాళీగా ఉంది. ఆ రాత్రి లాంతరు పట్టుకుని, మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లి వెతికాం. దొరకలేదు. తగిలి ఎక్కడో పడి ఉందో, తగలక బతికిందో ఈరోజుకీ తెలియదు. స్మోక్‌లెస్‌తో కాల్చిన మరుక్షణం నుంచి జంతువు మీ స్కోపులోనే కనిపిస్తూ ఉంటుంది. వేటగాడు ఇంతకంటే కోరుకోవాల్సింది లేదని నా అభిప్రాయం.

రెండో లాభం శుభ్రం చేయడం. బ్లాక్‌పౌడర్ మసి తేమని పీల్చుకుని గొట్టాన్ని తినేస్తుంది, అలసిపోయి ఇంటికొచ్చినా అదే రాత్రి వేడినీళ్లతో కడగక తప్పదు. దీనికి నాలుగు గుడ్డముక్కలు చాలు.

ఖర్చు సంగతి దాచను. మంచి చేతిలో కట్టించుకుంటే మూడు నాలుగు వేల డాలర్లకి తక్కువ అవ్వదు, స్కోపు వేరే. నెలల తరబడి ఎదురుచూడాలి. మీరు వేటాడే చోట 100 గజాలు దాటి కనిపించదంటే, అంటే అడవి, గుబురు, వాగుల మధ్య అయితే, ఈ రైఫిల్ మీకు అక్కర్లేదు. నేను నిజంగానే అంటున్నాను. ఆ డబ్బుతో ఒక మంచి బైనాక్యులర్, చలికి తగిన బట్టలు, ఇంకొన్ని రోజుల సెలవు కొనుక్కోండి. కోసిన మొక్కజొన్న, సోయా పొలాల అంచున కూర్చునేవాళ్లయితే కట్టించుకోండి.

కట్టించేటప్పుడు దేని మీద శ్రద్ధ పెట్టాలంటే, ముందు గొట్టం. పేరున్న తయారీదారు గొట్టమై ఉండాలి, లోపలి వ్యాసం మూతి నుంచి అడుగు దాకా ఒకేలా ఉండాలి. గొట్టం లోపల గుండుని తిప్పే మర 20 లేదా 22 అంగుళాలకి ఒక చుట్టు తిరిగేది అయితే 250 నుంచి 300 గ్రెయిన్ల గుళ్లకి సరిపోతుంది. తర్వాత బ్రీచ్ ప్లగ్, అంటే గొట్టం అడుగున మరలతో బిగించే స్టీలు బిరడా. దాని మధ్యలో సూదిమొనంత రంధ్రం గుండా ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత) నిప్పు మందుకి అందుతుంది. ఆ రంధ్రం ఉన్న చిన్న భాగాన్ని వెంట్ లైనర్ అంటారు. సావేజ్‌లో అది కొత్తగా ఉన్నప్పుడు అంగుళంలో వెయ్యికి దాదాపు 30 పాళ్లు ఉండేది. కాల్చేకొద్దీ వేడికి ఒరుసుకుని పెద్దదవుతుంది, 35 దాకా వస్తే మార్చేయాలి. డ్రిల్ బిట్ల సెట్‌లోంచి ఆ సైజు బిట్ ఒకటి పక్కన పెట్టుకుని, రంధ్రంలో దూరుతుందేమో చూడటం నా పద్ధతి.

మూడోది నిప్పు. మీరు వాడే 209 ప్రైమర్ షాట్‌గన్ తూటాల కోసం పుట్టింది, అక్కడ పీడనం పది పన్నెండు వేలే. పీడనం పెరిగేకొద్దీ దాని చుట్టూ వేడి వాయువు వెనక్కి కారుతుంది. అందుకే గట్టి లోడ్ల కోసం కట్టే రైఫిళ్లలో చిన్న ఇత్తడి మాడ్యూల్‌లో లార్జ్ రైఫిల్ మ్యాగ్నమ్ ప్రైమర్ పెట్టే పద్ధతి వచ్చింది. కట్టించేదైతే ఇదే అడగండి.

గుండు ఎంపికలో రెండు దారులున్నాయి. ఒకటి సాబట్, చిన్న గుండుకి ప్లాస్టిక్ తొడుగు. చవక, తేలిక. కానీ గొట్టం వేడెక్కితే తొడుగు మెత్తబడి గుళ్లు చెల్లాచెదురవుతాయి, రెండు షాట్ల మధ్య చాలాసేపు ఆగాలి. రెండోది సాబట్ లేకుండా, గుండునే మీ గొట్టం లోపలి సైజుకి తగ్గట్టు డైలో, అంటే అచ్చులో నొక్కి సరిచేయడం. తేడా వెయ్యో వంతు అంగుళంలో సగం ఉన్నా చేతికి తెలిసిపోతుంది. మూతి నుంచి గుండుని దించే కడ్డీతో ఒంటిచేత్తో ఒక్క తోపున, ఆగకుండా దిగాలి. ఒళ్లు బరువంతా పెట్టాల్సి వచ్చిందంటే లావుగా ఉంది. కడ్డీ బరువుకే జారిపోయిందంటే సన్నగా ఉంది, అది లావుగా ఉండటం కంటే ప్రమాదం. భుజానికి మూతి కిందికి ఉండేలా తగిలించుకుని నడిచినప్పుడు గుండు మందు మీంచి ముందుకి జారి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీతో కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలనూ వచ్చు.

ఎంత మందు పోయాలో నేను చెప్పను. ఎవరు చెప్పినా వినకండి. రైఫిల్ కట్టినతను మీ గొట్టానికి, మీ గుండుకి ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు అని రాసిస్తాడు. దాన్ని దాటొద్దు. అడుగున కాస్త వేగంగా మండే మందు, పైన నెమ్మదిగా మండేది పోసే జంట లోడ్ల గురించి వీడియోల్లో చూస్తారు. దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. మామూలు రైఫిల్‌లో మందు తూచడం, గుండు కూర్చడం, ప్రైమర్ బిగించడం అన్నీ ఫ్యాక్టరీలో యంత్రాలు చేసి పరీక్షించి పంపిస్తాయి. ఈ తుపాకీలో ఆ ఫ్యాక్టరీ మీరే. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడూ, చీకట్లో మంచె కిందా, కాల్పులు సాధన చేసే రేంజిలో పక్కవాళ్లు కబుర్లు చెబుతున్నప్పుడూ. వేల డాలర్లు పోసి కట్టించుకున్న రైఫిల్ మంచితనమంతా మీరు మందు దట్టించే ఆ ఒక్క నిమిషంలో ఉంటుంది.

మా ఊరు ఏటూరునాగారం వైపు. మా తాతకి పంట కాపలా కోసం లైసెన్సున్న మూతిమందు తుపాకీ ఉండేది. మక్కచేలల్లోకి పందులు దిగే రోజుల్లో వాకిట్లో కూర్చుని మందు దట్టించేవాడు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మేం పిల్లలం తెలియక పలకరిస్తే, కోప్పడేవాడు కాదు, కడ్డీ కింద పెట్టేసేవాడు. మేం లోపలికి వెళ్లాక, పోసిన మందు కూడా బయటికి ఒంపేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. అదేం పట్టుదలో అనుకునేవాణ్ణి.

ఏడేళ్ల కిందట అక్టోబరులో, రేంజిలో, నేను అదే తప్పు చేశాను. మందు ఇంట్లోనే తూచి చిన్న ప్లాస్టిక్ సీసాల్లో పోసి తీసుకెళ్లాను. ఒక సీసా గొట్టంలో ఒంపాను. పక్క బెంచీ ఆయన స్కోపు గురించి ఏదో అడిగాడు, రెండు నిమిషాలు మాట్లాడాను. తిరిగొచ్చి, సీసా తీసి మందు ఒంపి, గుండు పెట్టి, కడ్డీతో దించాను. కడ్డీ మీద నేను గీసుకున్న ఎర్ర గీత మూతి అంచుకి సరిగ్గా రావాలి. బొటనవేలంత పైనే ఆగింది. గుండు సగంలో ఇరుక్కుందనుకుని ఇంకా నొక్కాను, కదల్లేదు. అప్పుడు బెంచీ మీద చూస్తే ఖాళీ సీసాలు రెండున్నాయి.

ప్రైమర్ ఇంకా పెట్టలేదు. బోల్ట్ తీసి, బ్రీచ్ ప్లగ్ మరలు విప్పి, వెనక నుంచి మందు మొత్తం ఒంపేసి, గుండుని కడ్డీతో బయటికి తోశాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ గీతే లేకపోతే ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు.

కాబట్టి మీ రైఫిల్ వచ్చిన రోజు చేయాల్సిన మొదటి పని కాల్చడం కాదు. ఖాళీ గొట్టంలో కడ్డీ దించి, మూతి దగ్గర ఒక గీత గీయండి. తర్వాత మీ లోడ్ సరిగ్గా పోసి, గుండు కూర్చి, ఇంకో గీత గీయండి. ఆ రెండు గీతలే మీకు కాపలా. ప్రతిసారీ మందు పోసే ముందు కడ్డీ దించి ఖాళీ గీత చూడాలి, గుండు దించాక నిండు గీత చూడాలి. ఆ తర్వాతే ప్రైమర్. ఖాళీ సీసా కుడి జేబులోకి, నిండు సీసా ఎడమ జేబులోంచి. బెంచీ మీద ఒక్క రకం మందు డబ్బానే ఉండాలి. తూకం యంత్రాన్ని మొదలుపెట్టే ముందు, మధ్యలో, చివర్లో పరీక్ష బిళ్లతో సరిచూడాలి. దట్టించే మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆపేసి, మా తాతలాగే మొదటి నుంచి రావాలి.

రేంజిలో సాధన చేసేటప్పుడు వరసగా ఐదు గుళ్లు కాల్చి కాగితం మీద గుంపు చూసుకుని మురిసిపోవద్దు. వేటలో మీకు దొరికేది చల్లటి గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు, అదొక్కటే. వారానికోసారి వెళ్లి ఒక్కటి కాల్చి, ఆ కాగితం మీద తేదీ, చలి ఎంతుందో రాసుకుని దాచుకోండి. పది కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే మీ తుపాకీ అసలు మనస్సు కనిపిస్తుంది.

వేట రోజున గుర్తుంచుకోవాల్సింది తేమ. చలిలోంచి తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే గొట్టం లోపలా బయటా చెమ్మ పడుతుంది, మందుకి ఆ చెమ్మ చేరితే మర్నాడు టిక్కుమని ఊరుకుంటుంది, లేదా ఒక క్షణం ఆగి కాలుతుంది. టిక్కుమంటే మూతి నేల వైపు, జనం లేని వైపు ఉంచి, పూర్తి నిమిషం కదలకుండా ఆగండి. అందుకే రాత్రికి తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తేకుండా, ప్రైమర్ తీసేసి, తాళం వేసిన చల్లటి చోట ఉంచడం మేలు. మూతికి ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటిస్తే మంచు, చెత్త లోపలికి పోవు. మంచె ఎక్కేటప్పుడు తుపాకీని చేత్తో పట్టుకుని ఎక్కొద్దు. ప్రైమర్ లేకుండా కింద తాడుకి కట్టి, హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) బిగించుకుని పైకెక్కి, మూతి మీ వైపు రాకుండా లాక్కోండి. పైన కూర్చున్నాక కడ్డీతో నిండు గీత ఇంకోసారి చూసి, అప్పుడు ప్రైమర్ పెట్టుకోండి.

పోయిన జనవరిలో, మజిల్‌లోడర్ సీజన్ నాలుగు రోజుల్లో మూడో రోజు, నాక్స్ కౌంటీలో ఒక రైతు పొలం అంచున ఉన్నాను. నేలంతా మంచు. పొద్దుగుంకడానికి అరగంట ముందు 280 గజాల అవతల మంచి కొమ్ములున్న మగజింక నిలబడింది. పక్కగాలి గట్టిగా ఉంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలు. గంటకి 10 మైళ్ల పక్కగాలికే 300 గజాల దగ్గర నా గుండు పది అంగుళాలు పక్కకి పోతుంది. తుపాకీకి శక్తి ఉంది, నాకు నమ్మకం లేదు. 200 దాటితే కాల్చకూడదని నాకు నేను పెట్టుకున్న హద్దు. స్కోపులో అది అడవిలోకి వెళ్లిపోయేదాకా చూశాను. ఇంకో పావుగంటకి కంచె పక్కనుంచి ఒక ఆడజింక వచ్చింది, 170 గజాలు, పక్కకి తిరిగి నిలబడింది. భుజం వెనక, మూడో వంతు ఎత్తులో. కాల్చాను. వెనకకాళ్లు ఒక్కసారి ఎగరేసి, తోక దించుకుని, కంచె వెంట 60 గజాలు పరిగెత్తి తుమ్మినట్టు తల ఊపి పడిపోయింది. అంతా చూశాను, ప్రతి అడుగూ. అయినా అరగంట కూర్చునే ఉన్నాను. దిగి వెళ్తే మంచు మీద రక్తంలో చిన్న చిన్న బుడగలున్నాయి, ఊపిరితిత్తుల రక్తం అలాగే ఉంటుంది. ముదురు రంగులో, వాసనతో, పచ్చటి నూకలు కలిసి కనిపిస్తే పొట్టకి తగిలినట్టు. అప్పుడు వెంటాడకుండా గంటల తరబడి వదిలేయాలి.

వేగంగా వెళ్లే గుండు దగ్గర్లో భుజం ఎముకకి తగిలితే చుట్టూ మాంసం నెత్తురుగడ్డలా పాడైపోతుంది. అందుకే భుజం వెనక. పిల్లలున్న ఇల్లైతే పూర్తి రాగి గుండు వాడమని నా సలహా. సీసం గుండు పగిలినప్పుడు కంటికి కనిపించని రవ్వలు గాయానికి చాలా దూరం మాంసంలో చేరతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానంగా ఇచ్చిన జింక మాంసంలో ఈ సీసం కనిపించాకే చాలామంది మేలుకున్నారు. ఇంకొకటి, 2020 చివర్లో మన ఒహాయోలోనే వయన్‌డాట్ కౌంటీ అడవి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకల్ని క్షీణింపజేసి చంపే మెదడు జబ్బు మొదటిసారి బయటపడింది. వండితే చచ్చేది కాదు అది. పరీక్షలు చేసే ప్రాంతంలో వేటాడితే తల ఇచ్చి పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే తినండి. మెదడు, వెన్నుపాము జోలికి వెళ్లొద్దు.

ఇంట్లో, ఊర్లో "జింకని చంపుతావా" అని అడుగుతారు, నన్నూ అడిగారు. వాళ్ల మాటకి అర్థముంది. ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. అక్కడ అది ఉండాల్సిన చట్టమే. ఇక్కడ ఒహాయోలో 1904 నాటికి జింకే లేకుండా పోయింది. మళ్లీ పెంచి, 1943లో మూడు కౌంటీల్లో మాత్రం వేట తెరిచారు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం మనం కొనే ప్రతి రైఫిల్, తూటా మీద 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది. ఈ రెండూ చెప్పాక మా అమ్మ ఇంకేం అనలేదు, పులుసులో చింతపండు ఎంత వేయాలో మాత్రం చెప్పింది.

వేరే రాష్ట్రానికి వెళ్తే మాత్రం రూల్సు పుస్తకం ముందు చదవండి. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్లో స్మోక్‌లెస్ మందు, సాబట్, స్కోపు మూడూ నిషేధం. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాటి సీజన్ చెకుముకి తుపాకులకే. ఇలినాయిస్‌లో స్మోక్‌లెస్ కోసమే కట్టిన తుపాకీ అయితేనే ఒప్పుకుంటారు. రూల్సు ఏటేటా మారతాయి, ఒహాయోది కూడా ఆ ఏడాది పుస్తకం చూసే వెళ్లండి.

ఇక మీ మూడో ప్రశ్న. ఇప్పుడు మీ దగ్గరున్న ఇన్‌లైన్‌ని ఫెడరల్ చట్టం బ్లాక్‌పౌడర్ పాతకాలపు తుపాకీల కోవలో చూస్తుంది, అందుకే ఫారాలేమీ లేకుండా ఇంటికి పంపించారు. రెమింగ్టన్ 700 యాక్షన్ మీద కట్టిన స్మోక్‌లెస్ రైఫిల్ ఆ కోవలోకి రాదు. అది మామూలు ఫైర్‌ఆర్మ్, లైసెన్సున్న డీలర్ దగ్గర ఫారం 4473 నింపి, తనిఖీ అయ్యాకే తీసుకోవాలి. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫైర్‌ఆర్మ్ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ప్రైమర్లు, మందు కూడా అమ్యూనిషన్ కిందికే వస్తాయి. దీనికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది ఉంటే కొనొచ్చు. 4473లో ఆ మినహాయింపు గడి నింపి, లైసెన్స్ కాపీ, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి నమోదు) నంబరు ఇవ్వాలి. చాలామంది డీలర్లకి ఈ నిబంధన తెలియక వెనక్కి పంపేస్తారు, ముందే ఫోన్ చేసి మాట్లాడుకుని వెళ్లండి.

ఇక్కడ జారిపడేది కొన్న రోజున కాదు. సీజన్ అయిపోయి, రైఫిల్ బీరువాలో ఉండగా, లైసెన్స్ గడువు తీరిపోయి మీరు మర్చిపోయిన రోజున. ఆ క్షణం నుంచి అది మీ ఇంట్లో ఉండటమే నేరం, గ్రీన్‌కార్డు దరఖాస్తు మీద పడే దెబ్బ మామూలుది కాదు. గడువుకి నెల ముందే ఫోన్లో అలారం పెట్టుకోండి, రైఫిల్ ఉన్నంతకాలం వేటకి వెళ్లని ఏడాది కూడా లైసెన్స్ కొంటూనే ఉండండి. ఆర్డర్ ఇచ్చే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక మాట చెప్పి, ఆయన సలహా రాతలో తీసుకోండి. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ బాధ ఉండదు. అది ఒకటి రెండేళ్లలో వచ్చేలా ఉంటే మాత్రం, అప్పటిదాకా మీ ఇన్‌లైన్‌తోనే ఉండండి. బ్లాక్‌హార్న్ 209 మీ తుపాకీకి తయారీదారు ఒప్పుకుంటే దానికి మారండి, పొగ చాలావరకు తగ్గుతుంది. కడ్డీ మీద గీతలు మాత్రం ఈ వారమే గీసుకోండి.